ట్రోపోనిన్ చెప్పేది, చెప్పనిది

ఒక పెద్దాయనకి సాయంత్రం నుంచి ఛాతీ పట్టేసినట్టుంది అనుకుందాం. దగ్గర్లోని ల్యాబులో రక్తం ఇచ్చారు. రిపోర్టులో ట్రోపోనిన్-ఐ ఎదురుగా 0.04 అని వచ్చింది. రాత్రికి పెద్దాసుపత్రికి తీసుకెళ్తే అక్కడ మళ్ళీ పరీక్ష చేశారు. ఈసారి 38. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసిన కొడుక్కి కాళ్ళూ చేతులూ ఆడలేదు. నాలుగు గంటల్లో దాదాపు వెయ్యి రెట్లు పెరిగిపోయిందనుకున్నాడు.

నిజానికి ఏమీ పెరగలేదు. మొదటి ల్యాబు ఒక మిల్లీలీటరులో ఎన్ని నానోగ్రాములున్నాయో రాసింది. రెండోది లీటరు లెక్కన రాసింది. మిల్లీలీటరుకు 0.04 అంటే లీటరుకు 40. అంటే రెండు అంకెలూ దాదాపు ఒకటే. (రెండు చోట్లా వేర్వేరు కంపెనీల యంత్రాలుంటే ఈ పోలికని కూడా నమ్మడానికి లేదు. ఆ సంగతి కింద చెబుతాను.)

ట్రోపోనిన్ రిపోర్టు చుట్టూ ఉన్న అయోమయంలో ఇది చిన్న ముక్క మాత్రమే. ‘నార్మల్ వచ్చింది’ అని ధైర్యం తెచ్చుకుని, వెళ్ళకూడని సమయంలో ఇంటికి వెళ్ళిపోయేవాళ్ళున్నారు. ‘పాజిటివ్ వచ్చింది, ఇక హార్ట్ ఎటాకే’ అని బెంబేలెత్తిపోయేవాళ్ళూ ఉన్నారు. ఈ పరీక్ష గుండె కండరానికి దెబ్బ తగిలిందా లేదా అన్నదే చెబుతుంది. ఎందుకు తగిలిందో చెప్పదు. ఆ రెండో ప్రశ్నకి జవాబు రోగి మాటల్లో, ఈసీజీలో, కాసేపాగి తీసే రెండో శాంపిల్‌లో వెతకాలి. ఈ ఒక్క తేడా మనసులో ఉంటే రిపోర్టు చదవడం చాలావరకు తేలికవుతుంది.

కండరంలో దాని పని

గుండె కండర కణం లోపల సన్నని దారాలు, మందపాటి దారాలు వరసగా పేర్చి ఉంటాయి. సన్నవాటిలో ముఖ్యమైనది ఆక్టిన్, మందపాటివి మయోసిన్. ఒకదాని మీదుగా ఇంకొకటి జారితే కండరం ముడుచుకుంటుంది, పట్టు వదిలితే మళ్ళీ సాగుతుంది. గుండె కొట్టుకోవడమంటే ఇదే. మరి ఈ జారుడు ఎప్పుడు మొదలవ్వాలో, ఎప్పుడు ఆగాలో చూసుకునేది ఒకటి కావాలి కదా. తలుపుకి గడియలాంటి ఆ ప్రొటీనే ట్రోపోనిన్. 1960లలో టోక్యోలో సెత్సురో ఎబాషి, కాల్షియం కండరాన్ని ఎలా కదిలిస్తుందో వెతుకుతూ దీన్ని పట్టుకున్నారు. ఆయన వెతికింది గుండెపోటు పరీక్ష కోసం కాదు. అది అలా ఉపయోగపడటానికి ఇంకో పాతికేళ్ళు పట్టింది.

తర్వాత తేలిందేమంటే, అది ఒక్కటి కాదు, మూడు ప్రొటీన్ల జట్టు. కాల్షియాన్ని పట్టుకునేది సి. కాల్షియం లేనప్పుడు కండరాన్ని ముడుచుకోకుండా ఆపి ఉంచేది ఐ. ఈ మొత్తాన్ని ట్రోపోమయోసిన్ అనే మరో ప్రొటీన్‌కి కట్టి ఉంచేది టి. వీటిలో సి పరీక్షకి పనికిరాదు. ఎందుకంటే గుండెలో ఉండే సి, ఒంట్లోని మరికొన్ని కండరాల్లో ఉండే సి ఒకటే. ఐ, టి అలా కాదు. గుండెలో వాటి అమైనో ఆమ్లాల వరస వేరుగా ఉంటుంది. ఆ తేడాని గుర్తుపట్టే యాంటీబాడీలు తయారుచేయొచ్చు. ట్రోప్-ఐ, ట్రోప్-టి అని మనం వినే రెండు పరీక్షలూ నిలబడింది ఈ తేడా మీదే.

యంత్రంలో జరిగేది ఇది. ఒక యాంటీబాడీ ట్రోపోనిన్‌ని ఒక చోట పట్టుకుంటుంది. రెండోది వెలుగునిచ్చే రసాయనాన్ని మోసుకొచ్చి అదే ట్రోపోనిన్‌కి ఇంకో చోట అతుక్కుంటుంది. అతుక్కోనిదంతా కడిగేస్తారు. మిగిలినదాంట్లోంచి ఎంత వెలుగొస్తే అంత ట్రోపోనిన్ ఉన్నట్టు. ఈ రెండు యాంటీబాడీల సంగతి గుర్తుంచుకోండి. యంత్రం పొరబడేది ఎక్కడో చెప్పేటప్పుడు మళ్ళీ అవసరమవుతుంది.

ఇప్పుడు రక్తనాళం పూడుకుపోయి గుండెలో ఒక భాగానికి రక్తం ఆగిపోయిందనుకోండి. దాదాపు ఇరవై నిమిషాలు దాటితే అక్కడి కణాలు తిరిగి కోలుకోలేని స్థితికి జారడం మొదలవుతుంది. కణం పొర చిరుగుతుంది. కణద్రవంలో విడిగా తేలుతున్న ట్రోపోనిన్ ముందు బయటికొస్తుంది. అది మొత్తంలో పదో వంతు కూడా ఉండదు. మిగతాదంతా దారాలకి కట్టి ఉంటుంది. చచ్చిన కణాల్లో ఆ దారాలు రోజుల తరబడి విడిపోతూ ఉంటే, అది కొద్దికొద్దిగా రక్తంలోకి ఊరుతుంది. రక్తంలోకి వచ్చిన ట్రోపోనిన్ సుమారు రెండు గంటల్లో సగానికి తగ్గిపోతుంది. అయినా గుండెపోటు తర్వాత ఐ వారం పది రోజులు, టి రెండు వారాల దాకా ఎక్కువగా కనబడటానికి కారణం ఈ ఊటే. అందుకే నాలుగో రోజు కూడా అంకె దిగలేదని కొత్తగా భయపడనక్కర్లేదు. అది మొదటి రోజు తగిలిన దెబ్బ తాలూకు ఊట.

ఇంతగా దీని వెంట పడటానికి కారణముంది. చర్మంలా, కాలేయంలా గుండె తనని తాను పూడ్చుకోలేదు. 2009లో స్వీడన్ పరిశోధకులు దీన్ని లెక్కగట్టారు. వాళ్ళు వాడుకున్న ఆధారం కూడా ఆశ్చర్యమైనదే: ఒకప్పటి అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో పెరిగి మనుషుల కణాల్లోకి చేరిన కార్బన్-14. ఆ లెక్క ప్రకారం 25 ఏళ్ళ వయసులో గుండె కండర కణాల్లో ఏడాదికి ఒక శాతం మాత్రమే కొత్తవి వస్తాయి. 75 ఏళ్ళకి అది అర శాతం కన్నా తక్కువ. పోయిన కండరం చోట చివరికి మిగిలేది మచ్చే.

ఎస్‌జీఓటీ నుంచి ఇక్కడిదాకా

లివర్ టెస్టు చేయించుకున్నవాళ్ళ రిపోర్టులో ఎస్‌జీఓటీ అనే వరస ఉంటుంది. రక్తంలో గుండెపోటు జాడని పట్టిచ్చిన మొదటి ఎంజైమ్ అదే. 1954లో న్యూయార్క్‌లో లాడ్యూ, వ్రోబ్లెవ్‌స్కీ, కార్మెన్ అనే ముగ్గురు, గుండెపోటు వచ్చినవాళ్ళ రక్తంలో అది పెరుగుతోందని చూపించారు. అంతకుముందు డాక్టరు దగ్గరున్నవి రోగి మాట, ఈసీజీ, జ్వరం, తెల్లకణాల లెక్కలాంటివి. ఈసీజీ తేల్చి చెప్పని కేసుల్లో ఊహే దిక్కు. రక్తం ఏదైనా చెప్పగలదన్న ఆలోచనే అప్పటికి పెద్ద మలుపు.

ఇబ్బంది ఏమిటంటే ఎస్‌జీఓటీ కాలేయంలోనూ, ఒంటి కండరాల్లోనూ, ఎర్రకణాల్లోనూ ఉంది. దాని తర్వాత వాడుకలోకొచ్చిన మరో ఎంజైమ్ ఎల్‌డీహెచ్‌కీ అదే గొడవ. అయితే అది ఆలస్యంగా పెరిగి వారానికి పైగా నిలబడేది కాబట్టి, నొప్పి వచ్చిన మూడోరోజు ఆసుపత్రికి వచ్చినవాళ్ళ విషయంలో పనికొచ్చేది. 1960లలో సీకే అనే ఇంకో ఎంజైమ్ వచ్చింది. అది ఏ కండరానికి దెబ్బ తగిలినా పెరుగుతుంది. తుంటికి ఇంజెక్షన్ ఇచ్చినా పెరుగుతుంది. గుండెపోటు అనుమానమున్నవాళ్ళకి కండరానికి ఇంజెక్షన్ ఇవ్వొద్దు, సీకే రిపోర్టు పాడవుతుంది అని డాక్టర్లు హెచ్చరించుకున్న రోజులవి. ఆ సీకేలోనే గుండెలో ఎక్కువగా ఉండే రకాన్ని వేరుచేసి కొలవడం 1970లలో మొదలైంది. అదే సీకే-ఎంబీ. నొప్పి మొదలయ్యాక నాలుగైదు గంటలకి పెరిగి, ఒక రోజుకి శిఖరానికి చేరి, రెండు మూడు రోజుల్లో దిగిపోతుంది. చాలా ఏళ్ళు దాన్నే ప్రమాణంగా తీసుకున్నారు. 1979 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం కూడా సాదాగా ఉండేది: నొప్పి, ఈసీజీ మార్పులు, ఎంజైములు, ఈ మూడింటిలో ఏ రెండున్నా గుండెపోటే.

ట్రోపోనిన్ వచ్చాక ఆ లెక్క మారిపోయింది. 1980ల చివర్లో ట్రోపోనిన్-ఐకి, ట్రోపోనిన్-టికి పరీక్షలు తయారయ్యాయి. టి పరీక్షని రూపొందించింది జర్మనీలో హ్యూగో కాటస్ బృందం. సీకే-ఎంబీ మామూలుగా ఉండి ట్రోపోనిన్ మాత్రం పెరిగినవాళ్ళు బయటపడ్డారు. ‘గుండెపోటు కాదు, నొప్పి మాత్రమే’ అని అంతకుముందు పంపించేసిన రకం రోగులే వీళ్ళు. వాళ్ళని గమనిస్తే మళ్ళీ గుండెపోటు రావడం, చనిపోవడం మిగతావాళ్ళలో కన్నా ఎక్కువ. చివరికి 2000లో ఐరోపా, అమెరికా హృద్రోగ నిపుణుల సంఘాలు కలిసి గుండెపోటు నిర్వచనాన్నే ట్రోపోనిన్ చుట్టూ తిరిగి రాశాయి. అంతకుముందు రోజు వరకు గుండెపోటు కాదనిపించుకున్న ఎన్నో కేసులు ఆ మార్పుతో గుండెపోటు లెక్కలోకి వచ్చాయి.

మయోగ్లోబిన్ అని ఇంకొకటి ఉండేది. అన్నిటికన్నా ముందు, గంటా రెండు గంటల్లోనే పెరిగేది. కానీ ఏ కండరం దెబ్బతిన్నా పెరుగుతుంది. సున్నితమైన ట్రోపోనిన్ పరీక్షలొచ్చాక దాని అవసరం తీరిపోయింది. సీకే-ఎంబీ కూడా చాలాచోట్ల అదే దారిలో ఉంది. మొదటి గుండెపోటు తర్వాత కొద్ది రోజులకే రెండోది వచ్చిందేమో తేల్చడానికి అది కావాలని వాదించేవారు. ఇప్పుడు దానికీ ట్రోపోనిన్ చాలు. దిగుతున్న అంకె, లేదా కదలకుండా నిలబడ్డ అంకె మళ్ళీ 20 శాతానికి మించి పైకి లేస్తే కొత్త దెబ్బ తగిలినట్టు లెక్క.

గీత ఎక్కడ గీశారు

రిపోర్టులో ట్రోపోనిన్ పక్కన ఒక హద్దు రాసి ఉంటుంది. బాగా వాడుకలో ఉన్న ఒక ట్రోపోనిన్-టి పరీక్షకి అది లీటరుకు 14 నానోగ్రాములు. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్ల వంతు. ఇంత చిన్న మొత్తానికి గీత గీయడమెలా?

ఆరోగ్యంగా ఉన్నారని నిర్ధారించుకున్న కొన్ని వందల మంది రక్తం తీసుకుని, అంకెల్ని చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరసలో పెడతారు. నూటికి 99 మంది ఏ అంకె దగ్గరో, అంతకన్నా కిందో ఉంటారో ఆ అంకే హద్దు. దీన్ని 99వ పర్సెంటైల్ అంటారు. ఈ పద్ధతిలోనే ఒక మాట దాగి ఉంది: ఆరోగ్యవంతుల్లో కూడా నూటికి ఒకరు గీతకి పైన ఉంటారు. అది పొరపాటు కాదు, గీత గీసిన తీరే అంత. కాబట్టి 14 దగ్గర జబ్బు మొదలవదు. 13 నుంచి 15కి వెళ్ళడం గుమ్మం దాటడం లాంటిది కాదు.

ఆరోగ్యవంతుల్లో అసలు ట్రోపోనిన్ ఎందుకుండాలని చాలామంది అడుగుతారు. ఉంటుంది. పాత యంత్రాలకి అది కనబడేది కాదు, అంతే. గీత దిగువన ఉన్నదంతా వాటికి శూన్యం కాబట్టి ‘పాజిటివ్’, ‘నెగెటివ్’ అనే మాటలు పుట్టాయి. 2010 ప్రాంతం నుంచి ఐరోపాలో, 2017 నుంచి అమెరికాలో వాడకంలోకి వచ్చిన హై సెన్సిటివిటీ పరీక్షలకి రెండు షరతులున్నాయి. 99వ పర్సెంటైల్ దగ్గర ఒకే రక్తాన్ని మళ్ళీ మళ్ళీ పరీక్షించినా అంకెల్లో తేడా పది శాతం దాటకూడదు. ఆరోగ్యవంతుల్లో సగానికి పైగా మందిలో కొలవగలిగేంత అంకె చూపించాలి. వీటితో వచ్చిన రిపోర్టుని ఇంకా పాజిటివ్, నెగెటివ్ అని చదవడం నాకు మంచిదనిపించదు. ఉష్ణోగ్రతని జ్వరం ఉంది, లేదు అని మాత్రమే చెప్పినట్టుంటుంది. ఎంత ఉంది, ఎటు పోతోంది అన్నదే అసలు విషయం.

వేలి నుంచి రక్తం తీసో, సూదితో తీసో ఒక చుక్క వేస్తే గీత కనబడే కార్డు టెస్టులు చాలావరకు పాత తరహావే. గీత పడితే దాన్ని పట్టించుకోవాల్సిందే. గీత పడలేదని మాత్రం ఊపిరి పీల్చుకోకూడదు, ముఖ్యంగా నొప్పి మొదలైన తొలి గంటల్లో. దానికి కనబడనంత తక్కువగా ట్రోపోనిన్ ఉండొచ్చు.

ఇంకో చిక్కుంది. ట్రోపోనిన్-టి పరీక్షలు దాదాపు అన్నీ ఒకే కంపెనీ పద్ధతిలో జరుగుతాయి. ఐ పరీక్షల్ని చాలా కంపెనీలు తయారుచేస్తాయి. ఒక్కొక్కరి యాంటీబాడీలు ప్రొటీన్‌లో ఒక్కో చోటుని పట్టుకుంటాయి. అందుకే ఒకే రక్తానికి ఒక యంత్రం 20 అంటే ఇంకోటి 45 అనొచ్చు, రెండూ తమ తమ లెక్కలో సరైనవే. టి అంకెని ఐ అంకెతో పోల్చకూడదు. ఒక కంపెనీ ఐ అంకెని ఇంకో కంపెనీ ఐ అంకెతోనూ పోల్చకూడదు. రెండు అంకెల్ని పోల్చాలంటే రెండూ ఒకే రకం యంత్రం మీద వచ్చినవై ఉండాలి.

ఆడవాళ్ళ హద్దు మగవాళ్ళ హద్దు కన్నా తక్కువ. ఒక ఐ పరీక్షలో మగవాళ్ళకి 34, ఆడవాళ్ళకి 16, అందరికీ కలిపి ఒకే గీత వాడితే 26. ఛాతీ నొప్పితో వచ్చిన ఒకామెకి 22 వచ్చిందనుకోండి. అందరి గీతతో చూస్తే నార్మల్. ఆడవాళ్ళ గీతతో చూస్తే పైన ఉంది. కాగితం మీద ఏ గీత అచ్చయిందన్న దాన్నిబట్టి ఆమె ఎమర్జెన్సీలో ఉండటమా, ఇంటికి వెళ్ళడమా అన్నది మారిపోవచ్చు. స్కాట్లండ్‌లో 48,000 మందికి పైగా రోగులతో చేసిన ఒక పెద్ద అధ్యయనంలో ఆడవాళ్ళకి వేరే గీత వాడితే కొత్తగా బయటపడ్డ కేసుల్లో ఎక్కువమంది ఆడవాళ్ళే. కానీ ఏడాది తిరిగేసరికి వాళ్ళలో మళ్ళీ గుండెపోటు రావడంగానీ, గుండె జబ్బుతో చనిపోవడంగానీ తగ్గలేదు. దెబ్బ కనిపెట్టినా మగవాళ్ళకి అందినంత చికిత్స ఆడవాళ్ళకి అందలేదని ఆ అధ్యయనమే చూపించింది. నన్ను ఎక్కువగా బాధపెట్టే విషయమిది. అంకె బయటపెట్టిన దాన్ని కూడా మనం పట్టించుకోకపోతే పరీక్ష ఎంత మెరుగుపడి ఏం లాభం?

రెండో శాంపిల్

మొదటి రక్తం తీసి గంట కాకముందే మళ్ళీ సూది పొడవడానికి వస్తే, ‘ఇందాకే తీశారు కదా’ అని విసుక్కునేవాళ్ళని ఎమర్జెన్సీలో చూస్తుంటాం. నిజానికి పరీక్షలో విలువైన సగం ఆ రెండో సూదే.

నొప్పి మొదలై నలభై నిమిషాలకే ఆసుపత్రికి చేరిన మనిషి రక్తంలో ట్రోపోనిన్ ఇంకా పెరిగి ఉండకపోవచ్చు. కణాలు చావడానికి, పొర చిరగడానికి, బయటికొచ్చింది రక్తంలో కలవడానికి సమయం పడుతుంది. పాత పరీక్షలకైతే ఆరు గంటలు, కొన్నిసార్లు పన్నెండు గంటలు ఆగి మళ్ళీ చూడాల్సి వచ్చేది. సున్నితమైన పరీక్షలతో ఆ ఆగడం గంట నుంచి మూడు గంటలకి తగ్గింది.

పైన చెప్పిన ట్రోపోనిన్-టి పరీక్షకి ఐరోపా హృద్రోగ సంఘం ఇచ్చిన అంకెలు చూస్తే పద్ధతి అర్థమవుతుంది. నొప్పి మొదలై మూడు గంటలు దాటి, మొదటి అంకె 5 కన్నా తక్కువైతే గుండెపోటు దాదాపు లేనట్టే. మొదటి అంకె 12 కన్నా తక్కువగా ఉండి, గంట తర్వాత తేడా 3 లోపే అయినా అంతే. మొదటిదే 52 గానీ అంతకు మించి గానీ ఉన్నా, గంటలో 5 గానీ అంతకు మించి గానీ కదిలినా గుండెపోటు అయ్యే అవకాశం చాలా ఎక్కువ. ఈ రెంటికీ మధ్య పడ్డవాళ్ళని ఉంచి, మూడో గంటకి మళ్ళీ రక్తం తీసి, ఎకో (గుండె స్కానింగ్) చేసి చూస్తారు. ఈ అంకెలు ఆ పరీక్షకే. వేరే పరీక్షలకి వేరే అంకెలుంటాయి.

పక్కపక్క మంచాల మీద ఇద్దరున్నారనుకుందాం. ఒకరికి మొదట 9, గంట తర్వాత 21. ఇంకొకరికి మొదట 41, గంట తర్వాత 42. మొదటి శాంపిల్ మాత్రమే చూస్తే మొదటాయన క్షేమం, రెండో ఆయన ప్రమాదం. రెండూ కలిపి చూస్తే తిరగబడుతుంది. మొదటాయన గుండెలో ఇప్పుడే ఏదో జరుగుతోంది. రెండో ఆయన అంకె ఎంతోకాలంగా అక్కడే ఉండి ఉండొచ్చు. ఆయనకి మూత్రపిండాల జబ్బో, పాత హార్ట్ ఫెయిల్యూరో ఉందేమో చూడాలి. అయితే ఇందులో ఒక మడత ఉంది. నొప్పి వచ్చిన రెండోరోజు వస్తే అంకె శిఖరం దగ్గరో, దిగే దారిలోనో ఉంటుంది. అప్పుడు గంట వ్యవధిలో పెద్ద తేడా కనబడకపోవచ్చు. అందుకే నొప్పి ఎప్పుడు మొదలైందన్నది డాక్టరు పదేపదే అడుగుతారు. ‘పొద్దున్నించీ’ అని కాకుండా ‘ఆరున్నరకి లేచేసరికే ఉంది’ అని చెప్పగలిగితే రిపోర్టులోని అంకెకి అర్థం వస్తుంది.

గుండెపోటు కాకపోయినా

2018లో గుండెపోటుకి వచ్చిన నాలుగో సార్వత్రిక నిర్వచనం ఒక తేడాని గట్టిగా నొక్కి చెప్పింది. ట్రోపోనిన్ గీత దాటితే అది గుండె కండరానికి గాయం. అంకెలో పెరుగుదలో తరుగుదలో ఉంటే అది కొత్త గాయం. దాన్ని గుండెపోటు అనాలంటే రక్తం అందకపోవడమే కారణమని ఇంకేదైనా చూపించాలి. నొప్పి లక్షణాలు, ఈసీజీలో కొత్త మార్పు, ఎకోలో గోడ కదలిక తగ్గడం, యాంజియోగ్రామ్‌లో గడ్డ, ఇలాంటివాటిలో ఒకటైనా ఉండాలి.

గుండెపోటులోనూ రకాలున్నాయి. మనం మామూలుగా అనుకునేది మొదటి రకం. రక్తనాళం గోడలోని కొవ్వు పొర చిట్లి, దాని మీద గడ్డకట్టి, దారి మూసుకుపోవడం. రెండో రకంలో కొత్త గడ్డేమీ ఉండదు. గుండెకి కావాల్సినంత ప్రాణవాయువు అందదు, అంతే. కడుపులో పుండు నుంచి రక్తం కారి, హీమోగ్లోబిన్ 5కి పడిపోయి, గుండె నిమిషానికి 140 సార్లు కొట్టుకుంటున్న మనిషిని తలుచుకోండి. ఆయన ట్రోపోనిన్ తప్పకుండా పెరుగుతుంది. ఆయనకి కావాల్సింది రక్తం ఎక్కించడం, కారుతున్న చోటు మూయడం. అంకెని చూసి ‘హార్ట్ ఎటాక్’ అనుకుని రక్తం పలచబడే మందులు వరసపెట్టి ఇస్తే కారే రక్తం ఇంకా ఎక్కువవుతుంది. కారణం తెలుసుకోకుండా అంకెకి వైద్యం చేస్తే ప్రాణం మీదికి రావచ్చన్నదానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు.

ఒంటికంతా ఇన్ఫెక్షన్ పాకిన సెప్సిస్‌లో, ఊపిరితిత్తుల రక్తనాళంలో గడ్డ అడ్డుపడినప్పుడు, వైరస్ వల్ల గుండె కండరం వాచిన మయోకార్డైటిస్‌లో, కొన్ని క్యాన్సర్ మందులు గుండెని దెబ్బతీసినప్పుడు, గుండెకి కరెంటు షాకులిచ్చిన తర్వాత, ఇలా ఎన్నో సందర్భాల్లో ట్రోపోనిన్ పెరుగుతుంది. తట్టుకోలేని దుఃఖమో భయమో కలిగాక గుండె కింది భాగం ఉబ్బి కదలిక మందగించే టాకోత్సుబో అనే జబ్బులో నొప్పి, ఈసీజీ, ట్రోపోనిన్ అన్నీ అచ్చం గుండెపోటులాగే ఉంటాయి. యాంజియోగ్రామ్‌లో మాత్రం దానికి కారణమయ్యే పూడిక కనబడదు. మారథాన్ పరుగెత్తిన ఆరోగ్యవంతుల్లోనూ చాలామందికి అంకె గీత దాటుతుంది, ఒకటి రెండు రోజుల్లో దిగిపోతుంది.

మూత్రపిండాల జబ్బు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. డయాలిసిస్ మీదున్నవాళ్ళలో ట్రోపోనిన్, ముఖ్యంగా టి, దాదాపు ఎప్పుడూ గీతకి పైనే ఉంటుంది. ‘కిడ్నీ బయటికి పంపలేకపోతోంది, అందుకే’ అని తేల్చేయడం చాలాచోట్ల వింటాం. అది సగం మాటే. వాళ్ళ గుండె కండరం మందమై, చిన్న రక్తనాళాలు దెబ్బతిని, నిజంగానే కొద్దికొద్దిగా గాయపడుతూ ఉంటుంది. అంకె ఎక్కువున్నవాళ్ళకి తర్వాతి ఏళ్ళలో ముప్పు కూడా ఎక్కువని పదేపదే తేలింది. అలాగే గుండెపోటు కాదని తేలగానే ‘ఫాల్స్ పాజిటివ్’ అని కాగితం పక్కన పడేయడం తప్పు. అంకె నిజమే, గాయమూ నిజమే. కారణమే వేరు.

యంత్రం పొరబడినప్పుడు

అసలైన తప్పుడు అంకెలు అరుదు. కానీ ఉంటాయి. కొందరి రక్తంలో ఉండే కొన్ని యాంటీబాడీలు, యంత్రంలోని రెండు యాంటీబాడీల్ని ట్రోపోనిన్ లేకుండానే కలిపేస్తాయి. అప్పుడు లేని అంకె వస్తుంది. ఇంకొందరిలో సొంత యాంటీబాడీలు ట్రోపోనిన్‌నే చుట్టుకుని రక్తంలో ఎక్కువకాలం నిలిపేస్తాయి. నెలల తరబడి ఒకే పెద్ద అంకె, ఎకో మామూలు, లక్షణాలు లేవు అంటే వేరే కంపెనీ యంత్రం మీద ఒకసారి చూడాలి. కొన్ని కండరాల జబ్బుల్లో ట్రోపోనిన్-టి మాత్రం పెరిగి ఐ మామూలుగా ఉంటుంది. అలాంటప్పుడు రెండూ చేయిస్తేనే తెలుస్తుంది.

మామూలు మనుషులకి పనికొచ్చే విషయం బయోటిన్. జుట్టుకీ గోళ్ళకీ మంచిదని వేసుకునే మాత్రల్లో 5 మిల్లీగ్రాములు, 10 మిల్లీగ్రాములు ఉండటం మామూలే. ఒంటికి రోజుకి కావాల్సింది 30 మైక్రోగ్రాములు. కొన్ని పరీక్షల్లో యాంటీబాడీని పట్టి ఉంచడానికి బయోటిన్‌నే జిగురులా వాడతారు. రక్తంలో అది ఎక్కువగా ఉంటే ఆ జిగురు పట్టదు, ట్రోపోనిన్ ఉన్నదానికన్నా తక్కువగా కనబడుతుంది. 2017లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీని మీద హెచ్చరిక జారీ చేసింది. ఎక్కువ మోతాదులో బయోటిన్ వాడుతున్న ఒకరికి ట్రోపోనిన్ తప్పుగా తక్కువ వచ్చిందనీ, ఆ తర్వాత ఆ రోగి మరణించారనీ అందులో ఉంది. కంపెనీలు తర్వాత కొత్త పరీక్షల్ని సరిచేశాయి. అయినా ‘ఏం మందులు వాడుతున్నారు?’ అని అడిగినప్పుడు విటమిన్ మాత్ర కూడా చెప్పాలి. దాన్ని మందుగా ఎవరూ లెక్కపెట్టరు, అక్కడే తప్పిపోతుంది.

ట్రోపోనిన్‌తో పాటు అదే కాగితం మీద బీఎన్‌పీ లేదా ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ అని కనబడితే దాన్ని గాయంగా చదవొద్దు. 1988లో జపాన్ శాస్త్రవేత్తలు పంది మెదడులో మొదట కనుగొన్న హార్మోన్ అది. గుండె గదుల మీద ఒత్తిడి పెరిగి గోడలు సాగినప్పుడు బయటికొస్తుంది. ఆయాసానికి కారణం హార్ట్ ఫెయిల్యూరా కాదా తేల్చడానికి వాడతారు. డీ-డైమర్ చూసేది ఒంట్లో గడ్డలు కట్టి కరుగుతున్న జాడని. ఈ మూడూ మూడు వేరు ప్రశ్నలు.

పరీక్ష కోసం ఆగకూడని చోట

ఛాతీ నొప్పితో వచ్చినవాళ్ళకి పది నిమిషాల్లో ఈసీజీ తీసి చూడాలన్నది నియమం. అందులో ఎస్‌టీ భాగం పైకి లేచి, పెద్ద రక్తనాళం పూర్తిగా మూసుకుపోయిందని తెలుస్తుంటే ట్రోపోనిన్ రిపోర్టు కోసం ఒక్క నిమిషం ఆగకూడదు. రక్తం తీస్తారు, పంపుతారు, కానీ యాంజియోప్లాస్టీకో గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కో ఏర్పాట్లు అప్పటికే మొదలైపోవాలి. ‘ట్రోప్ రానీ, చూద్దాం’ అంటే ఆ చూసేలోపు పోయేది కండరం.

ఇంకో వైపు, ట్రోపోనిన్ రెండుసార్లూ తక్కువగా వచ్చినా రక్తనాళాల్లో పూడికలు లేవని కాదు. నడిస్తే పట్టేసి ఆగితే వదిలే నొప్పి ఉన్నవాళ్ళలో 80 శాతం పూడిక ఉండి కూడా ట్రోపోనిన్ మామూలుగా ఉండొచ్చు, ఎందుకంటే కణాలు ఇబ్బంది పడుతున్నాయి, చావలేదు. విశ్రాంతిలోనే వచ్చి పెరుగుతున్న నొప్పి అయితే అంకె మామూలుగా ఉన్నా వదిలేయకూడదు. అదే కారణంతో, ఏ లక్షణమూ లేకుండా ‘గుండె ఎలా ఉందో చూద్దాం’ అని మామూలు చెకప్‌లో ట్రోపోనిన్ చేయించుకుంటే ఆ అంకెతో ఏం చేయాలో ఎవరికీ స్పష్టంగా తెలియదు. టెన్షన్ మాత్రం మిగులుతుంది.

కిడ్నీ జబ్బో, పాత హార్ట్ ఫెయిల్యూరో ఉండి ట్రోపోనిన్ ఎప్పుడూ కాస్త ఎక్కువే ఉండేవాళ్ళు చేయదగ్గ పని ఒకటుంది. బాగున్న రోజుల్లో వచ్చిన అంకెని, అది టి పరీక్షో ఐ పరీక్షో, ఏ ల్యాబులో, ఏ తేదీన చేశారో కనబడేలా ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోవడం. అర్ధరాత్రి నొప్పితో వెళ్ళినప్పుడు 44 వచ్చిందనుకోండి. మొన్నటి రిపోర్టులో అదే పరీక్షలో 41 ఉందని చూపిస్తే డాక్టరు ఆలోచించే దారి వేరు, 12 ఉందని చూపిస్తే దారి పూర్తిగా వేరు.